చివరి జాడింపు నీళ్ళలో ఏం కలిపారు? న్యాపీ గుడ్డల్లో మిగిలే రసాయనాలపై ఒక కేస్ స్టడీ

1967 ఏప్రిల్, ఆగస్టు నెలల మధ్య అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఒక చిన్న ఆసుపత్రి నర్సరీలో తొమ్మిది మంది పసికందులు ఒకే తీరున జబ్బుపడ్డారు. ఒళ్ళు తడిసిపోయేంత చెమట, గుండె దడ, ఎగశ్వాస, కాలేయం వాపు, రక్తంలో ఆమ్లం పెరగడం. ఇద్దరు చనిపోయారు. అప్పుడే పుట్టిన బిడ్డకి మామూలుగా చెమట పెద్దగా పట్టదు. అలాంటి బిడ్డ చెమటతో తడిసి ముద్దవుతోందంటే ఒంట్లో ఎక్కడో మంట రగులుతోందన్నమాట.

ఇలాంటప్పుడు ఎవరి ఆలోచనైనా ముందు ఇన్ఫెక్షన్ మీదికే పోతుంది. ఇక్కడ కారణం పాలలో లేదు, మందుల్లో లేదు. బిడ్డ ఒంటిని అంటిపెట్టుకుని ఉండే గుడ్డల్లో ఉంది. ఆసుపత్రి లాండ్రీలో న్యాపీలు, పక్కగుడ్డలు ఉతికాక చివరి జాడింపులో ఒక పొడి కలిపేవారు. అందులో సోడియం పెంటాక్లోరోఫెనేట్ ఉంది. చెక్కకి చెదలు, బూజు పట్టకుండా వాడే పెంటాక్లోరోఫినాల్‌కి అది నీళ్ళలో కరిగే రూపం. దాన్ని కూడా చెప్పిన మోతాదుకి మించి వేశారు.

ఆ పొడి అక్కడికి ఎందుకు వచ్చిందో తెలిస్తేనే ఈ కేసు అర్థమవుతుంది. ఆసుపత్రి బట్టలు గట్టి క్షారంతో, క్లోరిన్ బ్లీచ్‌తో ఉతుకుతారు. ఎంత జాడించినా నూలు పోగులో కొంత క్షారం మిగిలిపోతుంది. దానితో ఇస్త్రీ చేస్తే బట్ట పసుపెక్కుతుంది, ఒంటికి రాసుకుంటే చర్మం మండుతుంది. అందుకే పెద్ద లాండ్రీల్లో చివర్న కొంచెం ఆమ్ల లవణం వేసి క్షారాన్ని విరిచేస్తారు. తడి బట్టలు మూటల్లో ఉన్నప్పుడు బూజు పట్టకూడదని అలాంటి పొడికే బూజు మందు కూడా కలిపి అమ్మేవారు. అంటే బిడ్డ చర్మాన్ని కాపాడాల్సిన దశలోనే విషం చేరింది. ఎవరూ కావాలని చేసింది కాదు. ఆ పొడిని ‘ఉతుకు సామాను’గా చూశారు, ‘బట్టలో ఉండిపోయే సామాను’గా చూడలేదు.

మన దృష్టి నిలవాల్సింది ఇక్కడే. ఉతుకులో ముందు వేసినదాన్ని తర్వాతి నీళ్ళు తీసుకుపోతాయి. చివరి నీళ్ళలో వేసినదాన్ని తీసుకుపోవడానికి ఇంకేమీ లేదు. తీగ మీద ఆరేటప్పుడు నీరే ఆవిరవుతుంది, అందులో కరిగినది పోగు మీదే ఉండిపోతుంది. ఇస్త్రీ పెట్టె కూడా చేసేది అదే.

బట్టలోంచి బిడ్డ ఒంట్లోకి

పెంటాక్లోరోఫినాల్ కొవ్వులో కరుగుతుంది, చర్మం గుండా లోపలికి పోతుంది. కణాల్లో ఆహారాన్ని శక్తిగా మార్చే గొలుసుని తెంపేస్తుంది, దాంతో ఆ శక్తంతా వేడిగా వృథా అవుతుంది. చెమట, దడ, ఎగశ్వాస అన్నిటికీ మూలం అదే. రక్తంలో ఇది ప్రోటీన్లని గట్టిగా పట్టుకుని తిరుగుతుంది. అందుకే బిడ్డ రక్తాన్ని కొంచెం కొంచెంగా తీసి దాత రక్తం ఎక్కించే చికిత్స చేసినప్పుడు పిల్లలు అనూహ్యంగా తేరుకున్నారు.

పెద్దవాళ్ళకి అంతగా పట్టనిది పసివాళ్ళకి ఎందుకు పడుతుందంటే, మూడు కిలోల బిడ్డ చర్మం సుమారు 0.21 చదరపు మీటర్లు, డెబ్భై కిలోల మనిషిది సుమారు 1.8. కిలోకి లెక్కేస్తే బిడ్డకి దాదాపు రెండున్నర రెట్లకి పైనే. పైగా న్యాపీ అంటే గంటల తరబడి తడి, వెచ్చదనం, గాలాడకపోవడం. దాని మీద ప్లాస్టిక్ లంగోటీ కూడా తొడిగితే చర్మం కట్టు కట్టిన పుండులా నాని, రసాయనాన్ని ఇంకా సులువుగా లోపలికి రానిస్తుంది.

ఇదే తీరు అర్జెంటీనాలోనూ కనబడింది. బ్యూనస్ ఐరిస్‌లో న్యాపీలు ఉతికి ఇళ్ళకి ఇచ్చే ఒక వ్యాపార సంస్థ బూజు రాకుండా ఫినైల్ మెర్క్యురీ వాడింది. 1980 ప్రాంతంలో ఆ గుడ్డలు తొడిగిన పిల్లల సంఖ్య ఏడు నుంచి పది వేల దాకా ఉంటుందని అంచనా. కొందరికి చేతులు, పాదాలు గులాబీ రంగుకి తిరిగే జబ్బు వచ్చింది. పిల్లల మూత్రంలో పాదరసం, మూత్రపిండాలు ఒత్తిడికి లోనైనప్పుడు పెరిగే ఒక ఎంజైమ్ పెరిగాయి. ఆ గుడ్డలు మానేశాక తగ్గాయి. ఇంకా వెనక్కి, 1886లో, న్యాపీల మీద ఆసుపత్రి ముద్ర వేసిన అనిలీన్ సిరా వల్ల పసివాళ్ళు నీలిరంగుకి తిరిగిన సంగతి వైద్య పత్రికకెక్కింది. సిరా, పాదరసం, పెంటాక్లోరోఫినాల్ ఒకదానికొకటి సంబంధం లేని పదార్థాలు. మూడూ గుడ్డ చేరింది మాత్రం మిల్లులో కాదు, మిల్లు దాటి వచ్చాక.

మన ఇళ్ళకి దగ్గరి కేసు: కలరా ఉండలు

పెంటాక్లోరోఫినాల్‌ని 2015లో స్టాక్‌హోం ఒప్పందం నిషేధాల జాబితాలో చేర్చారు. మన లాండ్రీలో అది తగులుతుందని భయపడనక్కర్లేదు. ట్రంకు పెట్టెలో తగిలేది నాఫ్తలీన్.

కాన్పుకి ముందు అమ్మమ్మ పెట్టె తెరిచి, మెత్తబడ్డ పాత పంచెలు, నేత చీరలు చింపి పొత్తిగుడ్డలు, పక్కగుడ్డలు చేస్తుంది. ఆలోచన చాలా మంచిది. ఏళ్ళ తరబడి ఉతికిన నూలుకంటే మెత్తనిది, రసాయనం తక్కువ ఉండేది కొత్తగా కొన్నదానిలో దొరకదు. కానీ ఆ పెట్టెలో కలరా ఉండలు ఉంటే లెక్క మారిపోతుంది. నాఫ్తలీన్ గది వేడికే ఆవిరై గుడ్డలో చేరుతుంది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న బిడ్డలో ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. బిడ్డ పాలిపోతుంది, కళ్ళు పచ్చబడతాయి, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తుంది. 1963లో గ్రీసు నుంచి వచ్చిన ఒక వైద్య నివేదికలో ఇలా నాఫ్తలీన్‌తో రక్తం విరిగిన నవజాత శిశువులు 21 మంది. ఆ లోపం లేని పిల్లలూ పూర్తిగా సురక్షితమేమీ కాదు.

ఇంకో సంగతి మన వాడుకలోనే ఉంది. నాఫ్తలీన్ నీళ్ళలో కరగదన్నంత తక్కువగా కరుగుతుంది, నూనెలో బాగా కరుగుతుంది. రోజూ నూనె మర్దన చేసి, ఆ నూనె ఒంటి మీదే బిడ్డని గుడ్డలో చుడితే, గుడ్డలోని నాఫ్తలీన్ చర్మానికి చేరడానికి మనమే దారి వేసినట్టు.

కాబట్టి దీన్ని ఉతికి పోగొట్టాలనుకోవడం పొరపాటు. దీన్ని తీసేది గాలి. గుడ్డల్ని విడివిడిగా, ఒకదాని మీద ఒకటి పడకుండా, ఎండలో గాలి తగిలేలా నాలుగైదు రోజులు ఆరేయాలి. తర్వాత వేడినీళ్ళలో డిటర్జెంటుతో ఉతికి మళ్ళీ ఎండబెట్టాలి. ఆరిన గుడ్డని మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో ఒక రాత్రి ఉంచి, పొద్దున మూత తీసి వాసన చూడాలి. కొంచెం వాసన తగిలినా నెల లోపు బిడ్డకి ఆ గుడ్డ వద్దు. దానికి బదులు ఏ పెట్టె ముఖమూ చూడని రెండు కొత్త మల్లు గుడ్డలు చాలు.

ఇప్పటి చివరి జాడింపులో ఏముంటున్నాయి

ఇళ్ళలో న్యాపీ చివరి బకెట్‌లో పడేవి ఇవి: సువాసన ఫ్యాబ్రిక్ కండిషనర్, నీళ్ళలో వేస్తే పాలలా తెల్లగా విరిగే యాంటీసెప్టిక్ ద్రావణం, నీలిమందు, కొందరి ఇళ్ళలో గంజి. వీటిలో ఏదీ సెయింట్ లూయిస్ పొడితో పోల్చదగ్గ విషం కాదు, ఆ మాట స్పష్టంగా చెప్పాలి. చేరే దారి మాత్రం ఒకటే.

కండిషనర్‌లోని మెత్తబరిచే పదార్థానికి ధనావేశం ఉంటుంది. నీళ్ళలో నూలుకి కొద్దిగా రుణావేశం. అందుకే అది పోగుకి అతుక్కుని, చల్లనీళ్ళలో ఎన్నిసార్లు జాడించినా ఊడిరాదు. న్యాపీ మీద మైనపు పూతలా పనిచేసి నీటిని పీల్చనివ్వదు. మూత్రం గుడ్డలోకి పోక బిడ్డ చర్మం మీదే నిలుస్తుంది. తల్లి చూసేది మెత్తదనం, బిడ్డకి దక్కేది తడి. యాంటీసెప్టిక్ ద్రావణాల్లో సాధారణంగా ఉండే క్లోరోజైలినాల్ కూడా క్లోరిన్ ఉన్న ఫినాల్ జాతిదే, విషం పెంటాక్లోరోఫినాల్ కంటే చాలా తక్కువ. అయినా ఒరుసుకుపోయిన చర్మాన్ని అది మండిస్తుంది. క్రిములు చావాలంటే 60 డిగ్రీల నీళ్ళు, పూర్తిగా ఆరడం, మంచి ఎండ చాలు. తప్పనిసరై వాడితే నానబెట్టే దశలో వాడి, తర్వాత మూడుసార్లు జాడించండి. నీలిమందు తెల్లచొక్కాకి, గంజి పంచెకి, న్యాపీకి రెండూ వద్దు.

జాడింపు లెక్క

గుడ్డ ఒక్కోటి 60 గ్రాముల చొప్పున పది న్యాపీలు 600 గ్రాములు. చేత్తో పిండాక వాటిలో సుమారు 900 మిల్లీలీటర్ల నీళ్ళు మిగిలి ఉంటాయనుకుందాం. మీ దగ్గర ఉన్నది 27 లీటర్లు. మొత్తం ఒకేసారి పోసి జాడిస్తే, కరిగి ఉన్న డిటర్జెంటులో 31వ వంతు మిగులుతుంది. అవే నీళ్ళు తొమ్మిదేసి లీటర్లుగా మూడుసార్లు వాడి, ప్రతిసారీ గట్టిగా పిండితే ఒక్కోసారికి 11వ వంతు చొప్పున చివరికి మిగిలేది 1331వ వంతు. నీళ్ళు ఎన్ని పోశారన్నది కాదు, మధ్యలో ఎన్నిసార్లు పిండారన్నదే ముఖ్యం. మెషిన్‌లో ‘ఎక్స్‌ట్రా రిన్స్’ నొక్కినప్పుడు మధ్యలో స్పిన్ తిరుగుతోందో లేదో చూసుకోవాల్సింది ఇందుకే. చాకిరేవులో పారే నీళ్ళలో బట్ట బాది, పిండి, మళ్ళీ ముంచే పాత పద్ధతిలో ఈ లెక్క తనంతట తానే అమరేది. చౌడు మట్టిలోని క్షారం అలాగే పోయేది.

బోరు నీళ్ళు, సబ్బు బిళ్ళ

మన ప్రాంతంలో ‘కెమికల్ మిగిలింది’ అనుకునే గరుకుదనంలో ఎక్కువ పాలు నిజానికి సబ్బు సుద్ద. నీటి కాఠిన్యం (నీటిలో కరిగిన కాల్షియం లాంటి లవణాల పాలు) లీటరుకి 300 మిల్లీగ్రాములైతే, 15 లీటర్ల బకెట్‌లో నురగ పుట్టకముందే సుమారు 27 గ్రాముల సబ్బు కాల్షియంతో కలిసి కరగని జిడ్డుగా మారిపోతుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో కాఠిన్యానికి ఆమోదయోగ్య పరిమితి 200, వేరే నీరు దొరకనప్పుడు 600. చాలా బోర్లు ఈ రెంటి మధ్య తిరుగుతాయి. ఆ జిడ్డు న్యాపీలో చేరితే గుడ్డ గట్టిబడుతుంది, బూడిదరంగుకి తిరుగుతుంది, నీరు పీల్చదు. ‘సబ్బు మైల్డ్, డిటర్జెంటు కెమికల్’ అన్న నమ్మకం ఉప్పునీళ్ళ ఊళ్ళో తిరగబడుతుంది. అక్కడ సబ్బు బిళ్ళే ఎక్కువ మిగులుతుంది. కుంకుడు రసం సుద్దగా మారదు కానీ మలంలోని కొవ్వుని తీయడంలో బలహీనం. ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే నీళ్ళని పొదుపుగా బట్టలకి వాడే ఇళ్ళున్నాయి. లవణాలన్నీ చిక్కబడి చేరేది ఆ నీళ్ళలోనే, న్యాపీకి అవి పనికిరావు.

చివర్లో వెనిగర్ వేయమనే సలహా ఒకటి తిరుగుతుంది. ఆమ్లంతో క్షారాన్ని విరవడం సరైన ఆలోచనే, వెనిగర్ ఆరేటప్పుడు ఆవిరైపోతుంది కూడా. కానీ బోరు నీళ్ళలో సహజంగా ఉండే క్షారతే లీటరుకి 300 మిల్లీగ్రాములుంటే, 15 లీటర్లలో ఒక పెద్ద చెంచా వెనిగర్ దానిలో ఏడో వంతుని కూడా విరవలేదు. వాసన తప్ప మిగిలేదేమీ లేదు. పైగా బ్లీచ్ తగిలిన గుడ్డల మీద వెనిగర్ పోస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ఆ పని ఎన్నడూ చేయకూడదు.

ఇంట్లో చేసే పరీక్షలు

ఆరిన న్యాపీ మీద ఒక నీటి చుక్క వేసి చూడండి. అయిదు సెకన్లలో ఇంకిపోవాలి. ముత్యంలా నిలబడితే కండిషనరో, సుద్దో, కోరా గుడ్డ అయితే పత్తి మైనమో అడ్డుపడుతోంది. రెండోది నురగ పరీక్ష: ఉతికి ఆరిన న్యాపీని శుభ్రమైన వేడినీళ్ళలో పిసికితే నురగ వస్తే జాడింపు చాలలేదు.

క్షారానికి మన పసుపే కొలబద్ద. పసుపు మరక పడ్డ చొక్కాకి సబ్బు పెడితే ఎర్రబడుతుంది, పసుపులో సున్నం కలిస్తే పారాణి అవుతుంది, సంగతి అదే. తెల్ల కాగితాన్ని పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టి పట్టీలు కోయండి. ఉతికిన న్యాపీలోంచి రెండు గ్రాముల ముక్క కోసి 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో రెండు గంటలు అప్పుడప్పుడూ కదుపుతూ ఉంచండి. ల్యాబుల్లో ఐఎస్‌ఓ 3071 కొలతకి గుడ్డ, నీళ్ళ పాళ్ళు ఇవే. ఆ నీటి చుక్క పసుపు పట్టీని ఎరుపు వైపు తిప్పితే పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి కొలత) 8 దాటిందని లెక్క. బట్టల్లో హానికర పదార్థాలని పరీక్షించి ముద్ర ఇచ్చే ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100లో, పసిపిల్లల బట్టల మొదటి తరగతి అనుమతించేది 4.0 నుంచి 7.5 దాకానే. పసుపు పట్టీ తప్పు పట్టనంత మాత్రాన అంతా సరిపోయిందని కాదు, అది పట్టేది గట్టి క్షారాన్నే.

సుద్ద, కండిషనర్ వదిలించే క్రమం ఇది. వాన నీళ్ళో, మున్సిపల్ మెత్తటి నీళ్ళో పది లీటర్లు 60 డిగ్రీలకి కాచి, 20 గ్రాముల నిమ్మ ఉప్పు కరిగించి, న్యాపీలు అరగంట నానబెట్టండి. కాల్షియం విడిపోతుంది, కొవ్వు గుడ్డలోనే ఉంటుంది. అందుకే వెంటనే ఒకసారి జాడించి, వేడినీళ్ళలో డిటర్జెంటుతో ఉతకాలి. ఈ రెండో అడుగు మానేస్తే గుడ్డ ముందుకంటే జిడ్డుగా అవుతుంది. ఆపైన మూడు జాడింపులు. సిలికాన్ ఫినిష్ ఉన్న గుడ్డ దీనికి లొంగదు, దాన్ని తుడిచే గుడ్డల్లోకి పంపేయండి. వాటర్‌ప్రూఫ్ లామినేట్ కవర్లని 60 డిగ్రీలు దాటనివ్వొద్దు, బ్లీచ్ వద్దు.

కోరా మల్లు కొని న్యాపీలు కుట్టించుకునేవాళ్ళకి పని కొంచెం ఎక్కువ. మగ్గం గంజి, పత్తి మైనం రెండూ పోవాలి. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, లీటరుకి అయిదు గ్రాముల బట్టల సోడా వేసి ముప్పావుగంట ఉడకబెట్టి, ఆ గోధుమరంగు నీళ్ళు వేడిగా ఉండగానే పారబోయాలి. చల్లారితే మైనం మళ్ళీ గుడ్డ మీదే పేరుకుంటుంది. జాడించాక పసుపు పట్టీతో చూడండి, చుక్క పరీక్షా చేయండి.

మిల్లు వైపు నుంచి వచ్చేవి

కొన్నప్పుడే ఉండే వాటిలో చూడాల్సింది ఫార్మాల్డిహైడ్, చర్మాన్ని మండించే ఘాటు రసాయనం. ముడతలు పడని ఫినిష్‌లోనూ, బొమ్మల పిగ్మెంట్ ప్రింట్‌ని గుడ్డకి అంటించే బైండర్‌లోనూ ఉంటుంది. ప్రింట్‌ని 150 డిగ్రీల వేడిలో కొన్ని నిమిషాలు సరిగా కాల్చకపోతే రంగూ ఊడుతుంది, ఫార్మాల్డిహైడూ వస్తుంది. తడిపిన తెల్లగుడ్డతో బొమ్మ మీద పదిసార్లు రుద్ది రంగు అంటితే ఆ బట్ట వద్దు. మూడేళ్ళ లోపు పిల్లల బట్టల్లో ఓకో-టెక్స్ ఒప్పుకునేది కిలోకి 16 మిల్లీగ్రాముల లోపే, జపాన్ చట్టం రెండేళ్ళ లోపు పిల్లలకి పెట్టిన హద్దూ అదే. విడిగా ఉన్న ఫార్మాల్డిహైడ్ మొదటి రెండు ఉతుకుల్లో చాలావరకు పోతుంది, ముడతలు పడకుండా పోగుకి పట్టించిన రెజిన్‌లో బంధమైనది మెల్లగా వస్తూనే ఉంటుంది. కాన్సర్ కారక అమైన్లు వదిలే అజో రంగులు 70ని మన దేశం 1997లో నిషేధించింది. ఇవి ఇంట్లో పట్టుకోగలిగినవి కావు. న్యాపీకి తెల్లగుడ్డ ఎంచుకుంటే ఆ బాధే లేదు.

దద్దురు కనబడగానే అది గుడ్డ తప్పే అనుకోవద్దు. పిరుదులు, తొడలు లాంటి ఉబ్బెత్తు భాగాలు ఎర్రబడి మడతలు బాగుంటే అది తడి, మలం, క్షారం చేసిన ఒరుపు. మడతల్లోనే ఎర్రబడి చుట్టూ చిన్న చిన్న చుక్కలుంటే ఫంగస్, దానికి ఉతుకు మార్చినా ఒరిగేదేమీ లేదు. నడుం చుట్టూ, తొడల చుట్టూ గీత గీసినట్టుంటే ఎలాస్టిక్‌లోని రబ్బరు రసాయనాల మీద అనుమానం పెట్టుకోవాలి. ఎక్కువ దద్దుర్లకి కారణం న్యాపీ ఆలస్యంగా మార్చడమే. రసాయన భయంతో డిటర్జెంటు మోతాదు సగానికి కోసేవాళ్ళ గుడ్డల్లో మలం, మూత్రం మిగిలి, బ్యాక్టీరియా యూరియాని అమ్మోనియాగా మారుస్తుంది. తడవగానే ఘాటు వాసన వస్తే డిటర్జెంటు తగ్గించకండి, పూర్తి మోతాదు వేసి జాడింపు పెంచండి.

ల్యాబుకి పంపాలనుకుంటే రెండు నమూనాలు పంపండి: అదే లాట్‌లో ఉతకని కొత్తది ఒకటి, మీ ఇంట్లో మామూలుగా ఉతికి ఆరినది ఒకటి, ఒక్కోటి 20 గ్రాములు. విడివిడిగా అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి, పాలిథిన్ సంచిలో మూతి బిగించండి. ఫార్మాల్డిహైడ్ ఒక బట్టలోంచి పక్కబట్టలోకి పాకుతుంది కాబట్టి వేరే కొత్త బట్టలతో కలిపి ఉంచొద్దు. కొత్తదానికి ఫార్మాల్డిహైడ్, ఉతికినదానికి పీహెచ్ అడగండి. కొత్తది బాగుండి ఉతికినదానిలో పీహెచ్ ఎక్కువొస్తే, కొన్న దుకాణానికి వెళ్ళేముందు మీ చివరి బకెట్ వైపు చూడండి.